ఆన్‌లైన్ అమ్మకందారులకు టీసీఎస్ రిఫండ్: వాపసుల లెక్క నుంచి ఆర్‌ఎఫ్‌డీ-01 దరఖాస్తు దాకా

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి వేదికల మీద సరుకు అమ్మే జీఎస్టీ వ్యాపారులకు వచ్చే డబ్బులో కొంత టీసీఎస్ (అమ్మకం సొమ్ములోంచి వేదికే ముందుగా వసూలు చేసే పన్ను) కింద పట్టుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. పట్టుకున్నది ఎక్కడికీ పోదు, మన జీఎస్టీ నంబర్ మీద జమవుతుంది. కాకపోతే పోర్టల్‌లో మనం అంగీకరించేదాకా అది మన లెడ్జర్‌లోకి, అంటే పోర్టల్‌లోని మన నగదు ఖాతాలోకి, రాదు. వచ్చాక కూడా పన్ను కట్టడానికి వాడుకోకపోతే అలాగే పేరుకుంటుంది. ఆ సొమ్మును బ్యాంకు ఖాతాలోకి తెచ్చుకునే దరఖాస్తే ఆర్‌ఎఫ్‌డీ-01. దరఖాస్తు నింపడం తేలికే, దానికి రుసుము కూడా లేదు. పనంతా అంతకుముందు, వాపసు వచ్చిన సరుకు లెక్క తేల్చుకోవడంలో ఉంది. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఈ డబ్బు ఎందుకు మిగులుతుంది

సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 52వ సెక్షన్ కింద ఈ-కామర్స్ సంస్థలు 2018 అక్టోబర్ 1 నుంచి టీసీఎస్ వసూలు చేస్తున్నాయి. మొదట్లో 1 శాతం ఉండేది. 2024 జూలై 10 నుంచి అది 0.5 శాతానికి తగ్గింది. రాష్ట్రం లోపల అమ్మితే సీజీఎస్టీ 0.25, ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర జీఎస్టీ) 0.25, వేరే రాష్ట్రానికి పంపితే ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర జీఎస్టీ) 0.5. ఇది మొత్తం అమ్మకం మీద కాదు, నికర విలువ మీద. అంటే ఆ నెల అమ్మకాల విలువలోంచి (జీఎస్టీ కలపకుండా) అదే నెల తిరిగొచ్చిన సరుకు విలువ తీసేస్తే మిగిలినదాని మీద.

మంగళగిరి నుంచి నూలు చీరలు అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. ఒక నెలలో 4,00,000 రూపాయల అమ్మకం, 1,00,000 వాపసులు. నికరం 3,00,000. అందులో 60,000 ఆంధ్రప్రదేశ్ లోపల, 2,40,000 బయటి రాష్ట్రాలకు. అప్పుడు టీసీఎస్ సీజీఎస్టీ 150, ఎస్‌జీఎస్టీ 150, ఐజీఎస్టీ 1,200, మొత్తం 1,500. ఈ దుకాణం చీర మీద కట్టాల్సిన జీఎస్టీ 5 శాతం. వేదిక కమీషన్ మీద తను కట్టిన జీఎస్టీ 18 శాతం. దానికి సరుకు కొన్నప్పుడు కట్టింది కూడా కలిస్తే, చాలా నెలల్లో బాకీ పన్నంతా ఇన్‌పుట్ క్రెడిట్‌తోనే, అంటే ఇలా ముందే కట్టిన పన్నుతోనే, తీరిపోతుంది. నగదు లెడ్జర్‌ను ముట్టుకునే పనే పడదు. నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000. చిన్న దుకాణానికి అది తీసిపారేసే మొత్తం కాదు.

జీఎస్టీ నమోదు లేకుండా, ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో సొంత రాష్ట్రంలోనే అమ్మేవాళ్ల దగ్గర టీసీఎస్ పట్టుకోరు, కాబట్టి వాళ్లకు ఈ దరఖాస్తుతో పనిలేదు. అలాగే చెల్లింపుల్లో కనిపించే ఆదాయపు పన్ను టీడీఎస్ వేరు. దాన్ని ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూసుకోవాలి, ఇక్కడ కాదు.

ముందు వాపసుల పట్టిక

మూడు చోట్ల ఉన్న అంకెలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. వేదిక ఇచ్చే పన్ను నివేదిక, బ్యాంకులో పడ్డ చెల్లింపుల నివేదిక, వేదిక ప్రభుత్వానికి వేసే టీసీఎస్ రిటర్న్ జీఎస్టీఆర్-8. ఈ మూడూ కలవని చోట దాదాపు ఎప్పుడూ ఏదో ఒక వాపసు ఉంటుంది.

అమెజాన్‌లో మర్చంట్ ట్యాక్స్ రిపోర్ట్ దించుకుంటే షిప్‌మెంట్, రిఫండ్, క్యాన్సిల్ వరుసలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. ఫ్లిప్‌కార్ట్ సేల్స్ రిపోర్ట్‌లో ఒక్కో వరుస సేల్, రిటర్న్, క్యాన్సిలేషన్ అని చెబుతుంది. మీషో అమ్మకాలను ఒక ఫైల్లో, వాపసులను ఇంకో ఫైల్లో ఇస్తుంది. ప్రతినెలా వీటిని చేత్తో అతికించుకుంటూ కూర్చుంటే ఎక్కడో ఒక చోట తప్పు దొర్లుతుంది. ఒక్కో వేదికకు ఒక్కో ఫోల్డర్ పెట్టి, ఎక్సెల్‌లోని పవర్ క్వెరీతో (ఫైళ్లను కలిపే సదుపాయంతో) ఆ ఫోల్డర్‌ను కలిపేయండి. ఆ తర్వాత కొత్త నెల ఫైల్ అందులో వేసి రిఫ్రెష్ నొక్కితే చాలు, అన్నీ ఒకే పట్టికలోకి వస్తాయి. దీనికి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పనిలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే కచ్చితంగా దాచుకుంటుంది. అంతకంటే పొడుగైన ఆర్డర్ ఐటమ్ నంబర్‌ను మామూలుగా తెరిస్తే చివరి అంకెలు సున్నాలైపోతాయి. అప్పుడు అమ్మకం వరుసకూ వాపసు వరుసకూ జత కుదరదు, లేదా వేర్వేరు ఆర్డర్లు ఒకే నంబర్‌తో కనిపిస్తాయి. అందుకని ఫైల్‌ను నేరుగా తెరిచి సేవ్ చేయకండి. పవర్ క్వెరీలో ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి.

పట్టికలో ఆర్డర్ ఐటమ్ నంబర్, ఎస్‌కేయూ (ఒక్కో రకం సరుకుకు ఇచ్చే కోడ్), ఏ రాష్ట్రానికి వెళ్లింది, పంపిన తేదీ, వాపసు నమోదైన తేదీ, జీఎస్టీ కలపని విలువ, పన్ను, క్రెడిట్ నోట్ (వాపసుకు అమ్మకం విలువ తగ్గిస్తూ ఇచ్చే పత్రం) నంబర్, వాపసు రకం ఉండాలి. రకం అంటే కస్టమర్ తీసుకున్నాక వెనక్కి పంపిందా, లేక డెలివరీ కాకుండానే తిరిగొచ్చిన ఆర్‌టీఓనా అని. క్యాన్సిల్ వరుసలను మాత్రం వాపసుల్లో కలపకండి. సరుకు బయల్దేరకముందే ఆగిన ఆర్డర్‌ను అమ్మకంలో ఎక్కించకుండా వాపసుగా తీసేస్తే ఒకే మొత్తం రెండుసార్లు తగ్గినట్టు అవుతుంది.

తేదీల దగ్గరే ఎక్కువ తికమక. మార్చి 29న పంపిన చీర ఏప్రిల్ 9న తిరిగొస్తే, మార్చి జీఎస్టీఆర్-8లో అది అమ్మకం, ఏప్రిల్‌లో వాపసు. రెండు నెలలూ కలిపి చూస్తే సరిపోతుంది, విడివిడిగా చూస్తే తేడా కనిపిస్తుంది. అందుకే పివట్ టేబుల్ (ఎక్సెల్‌లో మొత్తాలు తేల్చే పట్టిక) వేసేటప్పుడు అమ్మకాలను పంపిన నెల వారీగా, వాపసులను నమోదైన నెల వారీగా పెట్టాలి. ఇంకో సంగతి, ఒక నెలలో వాపసులే అమ్మకాలకంటే ఎక్కువైతే ఆ మైనస్ మొత్తం తర్వాతి నెలకు బదిలీ కాదు. ఆ నెల టీసీఎస్ సున్నా, అంతే. దసరా, దీపావళి అమ్మకాలు అయిపోయాక వచ్చే నెలల్లో కొన్ని దుకాణాలకు ఇలా జరుగుతుంది. ఆ నెల లెక్క తప్పిందని టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. వేదిక ఒక వాపసును తీసేయకుండా టీసీఎస్ ఎక్కువ పట్టుకున్నా ఆ అర శాతం మన లెడ్జర్‌లోకే వస్తుంది, నష్టం లేదు. నష్టం మనం మన జీఎస్టీఆర్-1లో (అమ్మకాల వివరాల రిటర్న్‌లో) ఆ వాపసును చూపించనప్పుడే. అప్పుడు గోదాములోకి తిరిగొచ్చేసిన చీర మీద 5 శాతం పన్ను కట్టేసినట్టే. 18 శాతం పడే సరుకైతే ఇంకా ఎక్కువ. అర శాతం టీసీఎస్ కోసం వేసుకున్న పట్టికలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే. వాపసు తేదీ ఉండి క్రెడిట్ నోట్ నంబర్ ఖాళీగా ఉన్న వరుసలను వడకట్టి చూడండి. వాటిని అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపు, లేదా వార్షిక రిటర్న్ వేసేలోపు, ఏది ముందైతే అంతలోపు చూపించాలి. గడువు దాటితే ఆ పన్నును తగ్గించుకునే హక్కు పోతుంది.

జీఎస్టీఆర్-1లో 14వ పట్టికలో వేదికల వారీగా నికర విలువ రాసేటప్పుడు కూడా ఈ అంకెలే వాడండి. వేదిక చెప్పిన అమ్మకాలకూ మనం చెప్పినవాటికీ తేడా ఉంటే ఇద్దరికీ తెలియజేయాలని 52వ సెక్షన్ చెబుతోంది. సరిచేసుకోకపోతే ఆ తేడా వడ్డీతో సహా మన బాకీకి కలుస్తుంది.

పట్టిక ఎలాగూ ఉంది కాబట్టి, ఎస్‌కేయూ వారీగా, రాష్ట్రం వారీగా వాపసుల శాతం కూడా చూసుకోండి. ఒకే చీర పదేపదే వెనక్కి వస్తుంటే ఫొటోలో రంగు తేడానో, కొలత తప్పుగా రాయడమో కారణం కావచ్చు. ఆర్‌టీఓలు ఎక్కువగా ఉంటే క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లను విడిగా చూడాలి.

టీసీఎస్ క్రెడిట్ అంగీకరించడం

వేదికలు జీఎస్టీఆర్-8 వేయడానికి గడువు తర్వాతి నెల 10వ తేదీ. పన్ను కట్టే మన రిటర్న్ జీఎస్టీఆర్-3బీ గడువు 20, త్రైమాసిక పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 22. ఈ రెండు గడువుల మధ్య రోజుల్లో పని చేసుకుంటే అంకెలు తాజాగా ఉంటాయి.

జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అయ్యి సర్వీసెస్, రిటర్న్స్, రిటర్న్స్ డ్యాష్‌బోర్డ్‌కు వెళ్లి నెల ఎంచుకుంటే 'టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్' అనే గడి కనిపిస్తుంది. తెరిస్తే ఒక్కో వేదిక పేరు మీద మొత్తం అమ్మకం, వాపసుల విలువ, నికరం, పట్టుకున్న టీసీఎస్ ఉంటాయి. మీ పట్టికతో పోల్చండి. సరిపోతే యాక్సెప్ట్. అసలు మీది కాని అమ్మకం కనిపిస్తే రిజెక్ట్ చేయవచ్చు. అది సవరణ కోసం వేదికకు తిరిగి వెళుతుంది. చెల్లింపులో పట్టుకున్నట్టు ఉండి ఇక్కడ కనిపించని టీసీఎస్ ఉంటే, ఆర్డర్ నంబర్లతో సహా వేదికకు టికెట్ పెట్టండి. ఇక్కడ మాత్రం మన డబ్బు నిజంగానే పోతుంది. తర్వాత ప్రివ్యూ చూసుకుని ఓటీపీతోనో డిజిటల్ సంతకంతోనో ఫైల్ చేయాలి. యాక్సెప్ట్ నొక్కి ఫైల్ చేయకుండా బయటికొస్తే జమ కాదు. ఫైల్ అయ్యాక మొత్తం నగదు లెడ్జర్‌లో పడుతుంది.

ఆర్‌ఎఫ్‌డీ-01 దరఖాస్తు

మొదలుపెట్టేముందు మూడు విషయాలు చూసుకోండి. అప్పటికి గడువు వచ్చిన జీఎస్టీఆర్-1, 3బీ అన్నీ వేసి ఉండాలి. ఆధార్ ధృవీకరణ పూర్తయి ఉండాలి, 2022 జనవరి 1 నుంచి రిఫండ్ దరఖాస్తుకు ఇది తప్పనిసరి. రిఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతా జీఎస్టీ తీసుకున్న పాన్ మీదే ఉండాలి. సొంత యాజమాన్యమైతే ఆ పాన్ ఆధార్‌తో కలిసి ఉండాలి.

దగ్గర్లో కట్టాల్సిన పన్ను ఏదైనా ఉందా అన్నది కూడా ఆలోచించండి. ఐజీఎస్టీ కింద పేరుకున్న సొమ్ము సీజీఎస్టీకో, ఎస్‌జీఎస్టీకో అవసరమైతే రిఫండ్ అడగకుండా పీఎంటీ-09 ఫారం ద్వారా ఆ పద్దుకు మార్చుకోవచ్చు.

రిఫండే కావాలంటే సర్వీసెస్, రిఫండ్స్, అప్లికేషన్ ఫర్ రిఫండ్‌కు వెళ్లి 'రిఫండ్ ఆఫ్ ఎక్సెస్ బ్యాలెన్స్ ఇన్ ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్' ఎంచుకోండి. లెడ్జర్‌లో ఉన్న మొత్తాలు పద్దుల వారీగా కనిపిస్తాయి. ఎంత కావాలో ఒక్కో పద్దులో నింపి, బ్యాంకు ఖాతా ఎంచుకోండి. పత్రాలు జతచేసే చోట మీ వాపసుల పట్టిక సారాంశాన్ని నెలల వారీగా, వేదికల వారీగా ఒక పేజీలో పెట్టండి. అధికారి అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. హామీ దగ్గర టిక్ పెట్టి సబ్మిట్ చేస్తే ఏఆర్ఎన్ (దరఖాస్తు నంబర్) వస్తుంది, ఆ మొత్తం లెడ్జర్ నుంచి తీసేస్తారు.

నగదు లెడ్జర్‌లోని మిగులుకు రెండేళ్ల గడువు వర్తించదని, టీసీఎస్ ద్వారా జమైన సొమ్మును కూడా ఇలా తీసుకోవచ్చని 2021 నవంబర్ 17 నాటి 166వ నంబర్ సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. పాత ఏళ్ల జమ ఉన్నవాళ్లూ నిస్సంకోచంగా అడగవచ్చు.

దరఖాస్తు పెట్టాక

అన్నీ సరిగా ఉంటే 15 రోజుల్లో ఆర్‌ఎఫ్‌డీ-02 రసీదు వస్తుంది. లోపాలుంటే ఆర్‌ఎఫ్‌డీ-03 వస్తుంది. అప్పుడు సొమ్ము లెడ్జర్‌కు తిరిగి చేరుతుంది, లోపం సరిచేసి కొత్తగా దరఖాస్తు పెట్టాలి. మంజూరు ఉత్తర్వు ఆర్‌ఎఫ్‌డీ-06, చెల్లింపు ఉత్తర్వు ఆర్‌ఎఫ్‌డీ-05. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. 60 రోజులు దాటినా డబ్బు రాకపోతే ఆ తర్వాతి రోజులకు ఏడాదికి 6 శాతం వడ్డీ ఇవ్వాలని 56వ సెక్షన్ చెబుతోంది. స్థితి తెలుసుకోవడానికి రిఫండ్స్ విభాగంలోనే ట్రాక్ అప్లికేషన్ స్టేటస్ ఉంటుంది.

అధికారికి సందేహం వస్తే ఆర్‌ఎఫ్‌డీ-08 నోటీసు పంపుతారు. దానికి 15 రోజుల్లో ఆర్‌ఎఫ్‌డీ-09లో జవాబివ్వాలి. జవాబుతో పాటు తేడా ఉన్న నెలల వాపసు వరుసలు, క్రెడిట్ నోట్ నంబర్లు జతచేయండి. అయినా తిరస్కరిస్తే ఆ మొత్తం పీఎంటీ-03 ఉత్తర్వుతో మళ్లీ లెడ్జర్‌లోకే వస్తుంది.