బేకరీ ఓవెన్ గ్యాస్ బర్నర్: మంట అంటించే భాగాల సర్వీసింగ్

కట్టెల బట్టీని వదిలి గ్యాసుతో నడిచే రోటరీ ఓవెన్‌కు మారిన బేకరీల్లో ఏటా సెప్టెంబరులో ఒకసారి బర్నర్‌ను విప్పి శుభ్రం చేయించుకోవడం మంచిది. ఎందుకంటే ఆపైన తీరిక దొరకదు. దసరా దాటిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం జరుగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎలా తిరిగి వస్తుందో చెప్పలేము. ఆ తరువాత క్రిస్మస్ కేకుల పని మొదలవుతుంది. ఈ మధ్యలో ఓవెన్ ఆగితే సర్వీసు మనిషి దొరకడమే కష్టం. శుభ్రపరచడం, కరెంటు వైపు పరీక్షలు ఎలక్ట్రికల్ పని తెలిసినవారు చేయవచ్చు. గ్యాస్ వాల్వును విప్పడం, ప్రెషరు మార్చడం మాత్రం శిక్షణ పొందిన బర్నర్ టెక్నీషియన్‌కే వదలాలి.

పనిలో దిగే ముందు బర్నర్ వెలిగే క్రమం తెలిసి ఉండాలి. థర్మోస్టాట్ వేడి అడగగానే ముందు బ్లోయర్ తిరుగుతుంది. గాలి వస్తోందని ఎయిర్ ప్రెషర్ స్విచ్ నిర్ధారించిన తరువాత, లోపల మిగిలిన గ్యాసు ఏదైనా ఉంటే బయటికి పోయేందుకు కొన్ని సెకన్లపాటు గాలి మాత్రమే వీస్తుంది. ఆ తరువాత స్పార్కు పడుతుంది, సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే గ్యాసు వాల్వు) తెరుచుకుంటుంది, మంట అంటుకున్నట్లు ఫ్లేమ్ రాడ్ (మంటను పసిగట్టే కడ్డీ) చెప్పకపోతే కంట్రోల్ బాక్సు కొద్ది సెకన్లలోనే గ్యాసు ఆపి లాకౌట్‌లోకి, అంటే రీసెట్ నొక్కేదాకా మళ్ళీ వెలగని స్థితిలోకి, వెళుతుంది. ఈ క్రమంలో యంత్రం ఏ మెట్టు దగ్గర ఆగిందో గమనిస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. ఎర్ర దీపం వెలిగిందని రీసెట్ బటన్‌ను పదే పదే నొక్కడం ప్రమాదకరం, ఎందుకంటే అంటుకోని ప్రతిసారీ కొంత గ్యాసు లోపల చేరుతుంది.

ముందుగా సిలిండర్ల దగ్గరి వాల్వు మూసి, ఓవెన్ ఎంసీబీ దించి, బర్నర్ చల్లారేదాకా ఆగాలి. ఎల్పీజీ గాలికంటే బరువైనది కనుక లీకైన గ్యాసు పైకి పోదు, నేల మీదా కాలువల్లోనూ పేరుకుంటుంది. కాబట్టి కిటికీలు తెరిస్తే చాలదు, నేల మట్టంలో గాలి ఆడే దారి ఉండాలి. వాసన గట్టిగా వస్తుంటే ఏ స్విచ్చునూ ముట్టకుండా అందరూ బయటికి వచ్చి, 1906 అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి.

బేకరీ బర్నర్‌కు పెద్ద శత్రువు మైదా దుమ్ము. బ్లోయర్ చక్రం రెక్కల లోపలి వంపులో అది తేమతో కలిసి గట్టిపడి, పైకి కనబడకుండానే గాలిని తగ్గిస్తుంది. కాబట్టి చక్రాన్ని బయటికి తీసి మెత్తని బ్రష్షుతో ఒక్కొక్క రెక్కనూ తుడవాలి. గాలి వచ్చే దారిలోనూ, ప్రెషర్ స్విచ్‌కు వెళ్ళే సన్నని గొట్టంలోనూ సాలెగూళ్ళు, కందిరీగల మట్టి గూళ్ళు ఉన్నాయేమో చూడాలి. వాన కాలంలో కొన్నాళ్ళు వాడకుండా ఉంచిన ఓవెన్లలో ఇవి మామూలే. బర్నర్ తలలోని మసిని పొడి బ్రష్షుతో తీయాలి. నాజిల్ రంధ్రంలో పిన్నీసు గాని తీగ గాని దూర్చకూడదు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాసు పాళ్ళు మారిపోతాయి.

స్పార్కు ఎలక్ట్రోడ్‌ను విప్పి దాని పింగాణీని వెలుతురులో తిప్పి చూడాలి. సన్నని చీలిక ఉన్నా వేల వోల్టుల కరెంటు కొనకు చేరకుండా ఆ చీలిక గుండా బర్నర్ ఒంటిలోకి దిగిపోతుంది. స్పార్కు శబ్దం వినిపిస్తుంది, మంట మాత్రం రాదు. కొనల మధ్య ఎడం చాలా బర్నర్లకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బర్నర్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతే ప్రమాణం. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కేబుల్ టోపీ లోపల ఆకుపచ్చ తుప్పు పడుతుంది. దానిని గీకి పెట్టడం కంటే కేబుల్ మార్చడమే నయం.

ఫ్లేమ్ రాడ్ మీద పేరుకున్న తెల్లని పొరను సన్నని స్టీలు పీచుతో మెల్లగా రుద్ది తీయాలి. మంట గుండా ఈ కడ్డీ నుంచి బర్నర్ ఒంటికి కొన్ని మైక్రోఆంపియర్ల కరెంటు మాత్రమే పారుతుంది. దానిని చూసే కంట్రోల్ బాక్సు మంట ఉందని నమ్ముతుంది. ఫ్లేమ్ రాడ్ తీగకు వరుసలో (సిరీస్‌లో) మైక్రోఆంపియర్ మీటరు పెట్టి, మాన్యువల్‌లో రాసిన కనీస విలువకంటే పైన ముల్లు నిలకడగా ఉందో లేదో చూడాలి.

కంట్రోల్ బాక్సు పాడైందని మార్చిన చాలా సందర్భాల్లో అసలు లోపం ఈ మైక్రోఆంపియర్ల కరెంటు పారే దారిలోనే ఉంటుందని నా అభిప్రాయం. ఈ కరెంటు తిరిగి రావాలంటే బర్నర్ ఒంటికి మంచి ఎర్తింగ్ ఉండాలి, న్యూట్రల్‌కు ఎర్త్‌తో సంబంధం ఉండాలి, ఫేజు ఫేజు చోటే ఉండాలి. శ్రీకాకుళం తీరంలో తుపాను తరువాత లైన్లు మళ్ళీ కలిపినప్పుడు గాని, షాపులో ప్లగ్గు మార్చినప్పుడు గాని ఫేజూ న్యూట్రలూ తారుమారైతే, మంట కళ్ళెదుట వెలుగుతూనే ఉన్నా బర్నర్ ఆరిపోతుంది. జనరేటర్ మీద మాత్రమే లాకౌట్ అవుతుంటే, జనరేటర్ న్యూట్రల్ దేనికీ కలపకుండా తేలుతూ ఉందేమో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయాలి. ఎర్త్ గుంతలో వేసవికల్లా తేమ ఆరిపోతుంది కనుక ఎర్తింగ్ పరీక్ష మేలో మరోసారి చేయించాలి.

గ్యాసు ప్రెషరు చూడడానికి ఖరీదైన మీటరు లేకపోయినా, నీళ్ళు పోసిన పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో పలక మీద బిగించి టెస్ట్ పాయింటుకు తగిలిస్తే చాలు. 30 మిల్లీబార్ అంటే రెండు వైపుల నీటి మట్టాల మధ్య సుమారు 30 సెంటీమీటర్ల తేడా. బర్నర్ నిండుగా వెలుగుతున్నప్పుడు ఈ తేడా పడిపోతుంటే, 19 కిలోల సిలిండర్లను చేత్తో తాకి చూడాలి. పైన మంచు పట్టిందంటే ఉన్న సిలిండర్ల సంఖ్యకు మించి గ్యాసు లాగుతున్నారని అర్థం. రెగ్యులేటర్ బిగించినందువల్ల అది తీరదు, మేనిఫోల్డ్‌లో (సిలిండర్లన్నిటినీ కలిపే గొట్టంలో) సిలిండర్లు పెంచాలి.

మంట నీలంగా, బర్నర్ తలను అంటిపెట్టుకుని ఉండాలి. పసుపు కొనలు గాలి చాలలేదని చెబుతాయి, అప్పుడు మసితోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. మంట తల నుంచి లేచి ఎగురుతుంటే గాలి ఎక్కువైంది. అన్నీ బాగుండి, లోపలి గాలిని తిప్పే ఫ్యాను వేసిన క్షణంలోనే మంట చెదిరితే హీట్ ఎక్స్‌ఛేంజర్ (పొగను వేరుగా ఉంచి వేడిని మాత్రమే లోపలి గాలికి అందించే భాగం) పగిలి ఉండవచ్చు. అది తేలేదాకా ఓవెన్ వాడకూడదు, ఎందుకంటే పొగ రొట్టెల గదిలోకి వస్తుంది.

బిగింపులన్నీ అయ్యాక గ్యాసు తెరిచి ప్రతి కీలుకూ సబ్బు నీళ్ళు పూయాలి, అగ్గిపుల్లతో వెతకకూడదు. ఆ తరువాత బర్నర్‌ను వెలిగించి, నడుస్తుండగా చేతి వాల్వు మూయాలి. మంట ఆరిన వెంటనే సోలెనాయిడ్ వాల్వు మూసుకున్న చప్పుడు వినబడాలి. కంట్రోల్ బాక్సు వెంటనే గాని, మళ్ళీ ఒకసారి వెలిగించబోయి గాని లాకౌట్‌కు వెళ్ళాలి. వెళ్ళకపోతే ఓవెన్‌ను పనిలో పెట్టకూడదు. అన్నీ సరిగా ఉంటే తేదీ, నడుస్తున్నప్పటి ప్రెషరు, మైక్రోఆంపియర్ రీడింగును ప్యానెల్ తలుపు లోపలివైపు మార్కరుతో రాసి పెట్టాలి.