వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ల నొప్పిని ఎలా కనిపెట్టాలి? ఎలా తగ్గించాలి?

నేను నర్సుగా ఇరవై ఏళ్లు పనిచేశాను. అందులో పన్నెండేళ్లు వృద్ధాశ్రమాల్లోనే గడిచాయి. కొత్త ఆశ్రమంలో చేరిన ప్రతిసారీ కేస్ షీట్లలో ఒకే మాట కనిపించేది: "నొప్పి లేదు." అందరికీ, మూడు పూటలా అదే మాట. మోకాళ్లు అరిగిపోయి గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి నడిచే మామ్మగారికీ అదే, తుంటి ఆపరేషన్ అయి మూడు వారాలు కూడా కాని తాతగారికీ అదే. రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. గుమ్మంలో నిలబడి "నొప్పేమైనా ఉందా?" అని అడిగారు, "ఏం లేదమ్మా" అన్నారు, రాసేశారు.

నొప్పి చూడటమంటే అది కాదు. ఎలా చూడాలో నర్సులకు, ఆయాలకు, నెలకోసారి వచ్చి చూసి వెళ్లే కొడుకులకు, కూతుళ్లకు అర్థమయ్యేలా చెబుతాను.

కావలసినవి

ఒక నోట్‌బుక్, పెన్ను, గోడ గడియారం, టార్చ్. వినికిడి మెషీన్ ఉన్నవాళ్లకు అందులో పనిచేసే బ్యాటరీ. అంతే. నోట్‌బుక్ మాత్రం మంచం దగ్గరే ఉండాలి. ఆఫీసు గదిలో ఉండే రిజిస్టర్‌ను డ్యూటీ దిగేటప్పుడు అందరూ ఒకేసారి నింపేస్తారు. అందులో నిజం ఉండదు.

1. అడగడం

కూర్చుని అడగండి. బాగా వినపడే చెవి వైపు, ముఖం కనపడేలా. కళ్లజోడు పెట్టాక, వినికిడి మెషీన్ ఆన్ చేశాక. పిల్లలు చూడటానికి వచ్చినప్పుడు వాళ్ల ముందు అడగొద్దు. కొడుకు కంగారు పడతాడని ఏ తల్లీ ఉన్నది చెప్పదు. పెద్ద వయసులో నొప్పులు మామూలేనని, చెబితే ఆస్పత్రికి పంపేస్తారని, ఆయాకు పని పెంచినట్టవుతుందని ఇలా రకరకాల కారణాలతో దాచుకుంటారు.

"నొప్పి" అనే ఒక్క మాటతో సరిపెట్టొద్దు. చాలామందికి నొప్పి అంటే కేకలు పెట్టేంత బాధ. అంతకంటే తక్కువైతే వాళ్ల లెక్కలో అది నొప్పే కాదు. "ఎక్కడైనా పీకుతోందా? సలుపుతోందా? మంటగా ఉందా? తిమ్మిరిగా ఉందా? సూదులు గుచ్చినట్టు ఉందా? రాత్రి కాళ్లు లాగుతున్నాయా?" అని ఒక్కొక్కటే అడగండి. తెలంగాణ వాళ్లయితే "గుంజుతోందా?" అనండి. "నొప్పి లేదు" అని అప్పుడే చెప్పిన మామ్మగారు "లాగుడా? అబ్బో, రాత్రంతా అదే కదమ్మా" అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఈ మాటలు డాక్టర్‌కు కూడా పనికొస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో మంట, తిమ్మిరి ఉంటే అది నరాలకు సంబంధించిన బాధ కావచ్చు. దాని మందు వేరు, కీళ్ల సలుపుకు మందు వేరు.

తర్వాత ఎంత ఉందో అడగాలి. పుస్తకాల్లో సున్నా నుంచి పది వరకు అంకె చెప్పించమంటారు. నేను రూపాయి లెక్కే వాడతాను. "అస్సలు తట్టుకోలేని నొప్పి రూపాయి అనుకోండి మామ్మగారూ, ఇప్పుడు మీది పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడిగితే ఎనభై ఏళ్లు దాటినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. పావలా బిళ్ల 2011లో చెలామణి నుంచి పోయినా ఆ లెక్క వాళ్ల నోట్లోంచి పోలేదు. పదికి ఎంత అంటే "ఆరో ఏడో, నాకేం తెలుసు" అంటారు. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలున్న చార్ట్ కూడా నాకు నచ్చదు. నొప్పి సంగతి వదిలేసి, చూడటానికి బాగున్న నవ్వు ముఖం మీద వేలు పెట్టినవాళ్లను చూశాను. ఏ కొలత ఎంచుకున్నా ఒక మనిషికి మొదటి నుంచి చివరి దాకా అదే వాడాలి. పొద్దున అంకెలు, రాత్రి బొమ్మలు అయితే తగ్గిందో పెరిగిందో ఎవరికీ తెలియదు.

ఆశ్రమంలో చేరిన రోజున, పడిపోయినప్పుడు, ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినప్పుడు తప్పకుండా అడగాలి. మిగతా రోజుల్లో షిఫ్ట్‌కు ఒకసారి.

2. కదిలేటప్పుడు చూడటం

మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి మోకాలి నొప్పి కనపడదు. లేచి కూర్చోబెట్టేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు, జాకెట్టు తొడిగేటప్పుడు చూడండి. పడుకున్నప్పుడు ఎంత, కదిలినప్పుడు ఎంత, రెండూ రాయాలి.

దిండు కింద కూడా ఒకసారి చూడండి. అమృతాంజనం సీసా వారానికే ఖాళీ అవుతోందంటే నోటితో చెప్పని నొప్పి ఏదో ఉంది.

3. నోటితో చెప్పలేనివాళ్ల నొప్పి కనిపెట్టడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. అందుకే దీన్ని నిదానంగా చదవండి.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందనగానే అడగడం మానేస్తారు. ముందు అడగాలి. నిన్నటి సంగతి గుర్తులేకపోయినా "ఇప్పుడు ఇక్కడ నొప్పిగా ఉందా?" అని మోకాలి మీద చెయ్యి వేసి అడిగితే తల ఊపి చెప్పగలిగేవాళ్లు చాలామంది ఉంటారు. జవాబుకు అర నిమిషం ఆగండి. మనం మూడు సెకన్లలో పక్క మంచానికి వెళ్లిపోతాం.

నిజంగానే చెప్పలేకపోతే అప్పుడు కళ్లతో చూడాలి. 2003లో అమెరికాలో ముదిరిన డిమెన్షియా ఉన్నవాళ్ల కోసమే పెయినాడ్ అనే కొలత తయారుచేశారు. ఐదు నిమిషాలు గమనించి ఐదు విషయాలకు సున్నా, ఒకటి, రెండు చొప్పున మార్కులు వేస్తారు. మొత్తం పది. ఊపిరి మామూలుగా ఉందా, అప్పుడప్పుడు కష్టంగా ఉందా, పెద్ద చప్పుడుతో ఎగశ్వాసలా ఉందా? నోటి నుంచి ఏ శబ్దమూ లేదా, అప్పుడప్పుడు మూలుగుతున్నారా, ఆగకుండా అరుస్తూ ఏడుస్తున్నారా? ముఖం మామూలుగా ఉందా, దిగులుగానో భయంగానో నుదురు ముడిచి ఉందా, బాధతో మెలితిరిగిందా? ఒళ్లు వదులుగా ఉందా, బిగపట్టి అటూ ఇటూ కదులుతున్నారా, పిడికిళ్లు బిగించి, మోకాళ్లు ముడుచుకుని, చెయ్యి వేస్తే తోసేస్తున్నారా? చివరిది ఊరడింపు. అసలు ఊరడించే అవసరమే లేదా, మాటకో స్పర్శకో ఊరుకుంటున్నారా, ఏం చేసినా ఊరుకోవడం లేదా?

ఈ మార్కులు వేయడం ఒక్క రోజులో నేర్చుకోవచ్చు. వాటిని నమ్మి మోసపోవడం కూడా అంతే తేలిక. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్ల ముఖం కండరాలు బిగుసుకుపోయి ఏ భావమూ చూపించదు. ముఖానికి సున్నా వచ్చిందని నొప్పి లేదనుకోవద్దు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఊపిరి ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది కాబట్టి అక్కడ రెండు వచ్చిందని నొప్పి అనుకోవద్దు. అందుకే మనిషి కుదురుగా ఉన్న రోజు ఒకసారి చూసి, అది వాళ్ల మామూలు స్థితి అని రాసి పెట్టుకోవాలి. తర్వాత ఎప్పుడు చూసినా ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చాలి. ఒకరి నాలుగూ ఇంకొకరి నాలుగూ సమానం కాదు. ఈ అంకె నొప్పి ఉండవచ్చని చెబుతుంది, ఎంత ఉందో కొలిచి చెప్పదు.

ఇంకొక ప్రమాదం ఉంది. అరిచేవాళ్లను అందరూ చూస్తారు. గోడ వైపు తిరిగి పడుకుని, అన్నం సగంలో వదిలేసి, పలకరిస్తే కళ్లు మూసుకునే మామ్మగారిని "పాపం, ఏ అల్లరీ చేయరు" అంటారు. మామూలుగా నలుగురితో కబుర్లు చెప్పే మనిషి అలా అయ్యారంటే దాన్ని నొప్పి గుర్తుగానే తీసుకోండి.

ఇక అరిచేవాళ్ల సంగతి. నేను పనిచేసిన ఒక చోట ఒక మామ్మగారు రోజూ స్నానం దగ్గర ఆయాలను కొట్టేవారు, కొరికేవారు. "గోల మామ్మగారు" అని పేరు పెట్టారు. నిద్రమాత్ర మొదలుపెట్టారు. నేను చేరాక వారం రోజులు స్నానం దగ్గర నిలబడి చూశాను. నీళ్లు పోసేటప్పుడు ఏమీ అనేవారు కాదు. జాకెట్టు విప్పడానికి ఎడమ చెయ్యి పైకెత్తిన క్షణంలోనే కొట్టేవారు. డాక్టర్ చూస్తే భుజం బిగుసుకుపోయి ఉంది. అన్ని నెలలూ రోజూ ఆ చెయ్యినే లాగారు. ముందు వైపు పూర్తిగా తెరుచుకునే నైటీకి మార్చాం. విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి, తొడిగేటప్పుడు ముందు నొప్పి ఉన్న చెయ్యి. స్నానానికి ముప్పావుగంట ముందు డాక్టర్ రాసిన పారాసిటమాల్ ఇచ్చాం. కొట్టడం ఆగిపోయింది. తర్వాత డాక్టరే నిద్రమాత్ర కూడా తీసేశారు.

ఇది ఒక్క మామ్మగారి కథ కాదు. నార్వేలో నర్సింగ్ హోమ్‌లలో ఉంటున్న, డిమెన్షియాతో పాటు చికాకు, గొడవ ఎక్కువగా ఉన్న 352 మందితో ఒక అధ్యయనం చేశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. వాళ్లలో దాదాపు సగం మందికి ఎనిమిది వారాల పాటు పద్ధతి ప్రకారం నొప్పి మందు ఇచ్చారు. ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే. ఆ మందు అందినవాళ్లలో గొడవ స్పష్టంగా తగ్గింది. అందుకే నిద్రమాత్ర అడగడానికి ముందు నొప్పి చూశారా అని మీ ఆశ్రమంలో అడగండి.

అయితే ప్రతి అరుపూ నొప్పి కాదు. ఆకలి, చలి, తడిసిన డైపర్, కొత్త మనిషి అంటే భయం, ఇవన్నీ ఇలాగే కనపడతాయి. ముందు అవి సరిచేసి పావుగంట చూడండి. అప్పటికీ తగ్గకపోతే, డాక్టర్‌తో మాట్లాడి కొన్ని రోజులు వేళ ప్రకారం నొప్పి మందు ఇచ్చి, అవే ఐదు విషయాలు మళ్లీ చూడండి. తగ్గితే అది నొప్పే అయి ఉండవచ్చు.

4. కారణం వెతకడం

తల నుంచి కాలి వరకు టార్చ్‌తో చూడండి. నోట్లో పుచ్చిన పన్ను, ఒరుసుకుంటున్న పళ్ల సెట్టు, నడుము కిందా మడమల దగ్గరా ఒత్తిడి పుండ్లు, చర్మంలోకి పెరిగిన గోరు. ఎన్ని రోజులుగా విరేచనం కాలేదు? పొత్తికడుపు ఉబ్బి గట్టిగా ఉందా? మూత్రం కట్టుకుపోతే నోరులేని మనిషి పిచ్చెక్కినట్టు మంచం దిగబోతారు. ఒంటికి ఒక పక్కనే మంట ఉండి బట్ట తగిలినా ఉలిక్కిపడుతుంటే సర్పి కావచ్చు, పొక్కులు తర్వాత వస్తాయి. పడిపోయాక ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనపడితే తుంటి విరిగిందని అనుమానించి, కదపకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఛాతీలో నొప్పి, హఠాత్తుగా కడుపునొప్పి, ఒక పిక్క ఎర్రగా వాచి ఉండటం కూడా అంతే. ఆ పిక్కకు నూనె రాసి మర్దన చేయకూడదు.

5. మందు కాని ఉపాయాలు

మోకాళ్ల మధ్య దిండు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, వేడి కాపడం. షుగర్‌తో స్పర్శ పోయిన కాళ్లకు మాత్రం కాపడం పెట్టొద్దు, కాలినా వాళ్లకు తెలియదు. తెల్లవారుజామున ఐదింటికి స్నానాలు చేయించడం మానేయండి. కీళ్లు బాగా బిగుసుకుపోయి ఉండే సమయం అదే. స్నానం తొమ్మిది తర్వాతే.

6. మందు

ఏ మందు, ఎంత అన్నది డాక్టర్ రాయాలి. మనం చూడాల్సినవి వేరే ఉన్నాయి.

రోజూ ఉండే నొప్పికి మందు వేళ ప్రకారం ఇవ్వాలి. "అడిగితే ఇవ్వండి" అని రాస్తే, అడగలేని మనిషికి అది ఎప్పటికీ అందదు. అలా రాసి ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేసి మార్పించండి. పారాసిటమాల్ 650 నాలుగుసార్లు ఇస్తే రోజుకు 2600 మిల్లీగ్రాములు. జలుబు మాత్రల్లో, మోకాలి నొప్పులకు రాసే కొన్ని కాంబినేషన్ మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది. అన్నీ కలిపి లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు చాలామంది డాక్టర్లు మూడు గ్రాములు దాటనివ్వరు. బక్కచిక్కినవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తగ్గిస్తారు.

మెడికల్ షాపు నుంచి తెచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా ఇవ్వొద్దు. వారానికోసారి వచ్చే కొడుకు ప్రేమతో తెచ్చిచ్చినా వద్దు. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడే పెద్దవాళ్ల కిడ్నీలు వాటితో దెబ్బతినవచ్చు, కడుపులో రక్తం కారవచ్చు. ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మందు మొదలుపెడితే తూలి పడిపోకుండా, మగతగా, అయోమయంగా మారకుండా గమనించండి. విరేచనానికి కూడా అదే రోజు మందు రాయించండి. నీళ్లు సరిగా తాగనివాళ్లకు ఇసబ్గోల్ పొడి వేస్తే ఇంకా గట్టిపడుతుంది.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ రాస్తే మత్తుమందని భయపడొద్దు. మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2014లో సవరించారు, గుర్తింపు పొందిన ఆస్పత్రులు దాన్ని ఇవ్వగలవు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగమే ఉంది.

7. మళ్లీ చూడటం

మాత్ర ఇచ్చిన గంటకు మళ్లీ వెళ్లి అడగాలి లేదా చూడాలి. రూపాయి లెక్క మళ్లీ రాయాలి. తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పేది "ఇంకా నొప్పి అంటున్నారు" అని కాదు. ఏ వేళ, ఏ పని చేస్తుంటే, ఎంత ఉండేది, మందు ఇచ్చాక ఎంతైంది, అది చెప్పాలి. నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటే చాలు:

"ఉదయం 8.30. కుడి మోకాలు. పడుకుంటే పావలా, లేస్తే ముప్పావలా. సలుపు. రాత్రి నిద్ర లేదు. మాత్ర ఇచ్చాను. 9.30. లేస్తే పావలా. స్నానానికి తానే నడిచి వచ్చారు. విరేచనం నిన్న అయింది. మధ్యాహ్నం 2. మళ్లీ అర్ధరూపాయి, తర్వాతి మాత్ర 2.30కి. సాయంత్రం డ్యూటీ వాళ్లు మరిచిపోవద్దు."