జోసీఫస్ రాసిందెంత, తర్వాత కలిపిందెంత? (ప్రాచీన గ్రంథాలు చదివే పద్ధతి: 5వ పాఠం)

కిందటి పాఠంలో పౌలు పత్రికల్ని సువార్తలకంటే ముందు పెట్టుకుని చదవడం ప్రాక్టీస్ చేశాం. గలతీయులకు రాసిన పత్రిక 1:19లో ప్రభువు సహోదరుడైన యాకోబు కనిపించాడు కదా, ఆయన ఈ పాఠంలో మళ్లీ వస్తాడు. ఈసారి బైబిల్‌లో కాదు, జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడి పుస్తకంలో.

ఇవాళ నేర్చుకునే పని ఒక్కటే. ఒక పాత పేరాలో తర్వాతివాళ్లు మాటలు కలిపారని అనుమానం వస్తే దాన్ని ఎలా పరీక్షించాలి? ఇలా తర్వాత చేర్చిన మాటలు, అంటే ప్రక్షిప్తాలు, మనకు కొత్తేమీ కాదు. వేమన మకుటం ఉన్న పద్యాలన్నీ వేమనవే అని ఎవరూ అనరు. అలాగని వేమన ఒక్క పద్యమూ చెప్పలేదనీ అనరు. ఆ ఓపికతోనే జోసీఫస్ పుస్తకంలో యేసు గురించి ఉన్న పేరానూ చదవాలి.

జోసీఫస్ సా.శ. 37లో యెరూషలేములో యాజక కుటుంబంలో పుట్టాడు. రోమ్‌మీద తిరుగుబాటు మొదలైనప్పుడు గలిలయలో యూదు సేనలకు నాయకుడు. 67లో యోతపాత కోట పడిపోయాక రోమా సేనాని వెస్పాసియన్‌కు (తర్వాత చక్రవర్తి అయ్యాడు) లొంగిపోయాడు. తర్వాత రోమ్‌లో స్థిరపడి, 93-94 ప్రాంతంలో యూదుల ప్రాచీన చరిత్రను గ్రీకులో 20 సంపుటాలుగా పూర్తి చేశాడు. మనకు కావలసిన పేరా 18వ సంపుటంలో ఉంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే విస్టన్ ఇంగ్లిష్ అనువాదంలో అయితే 18.3.3 దగ్గర చూడండి. ఇప్పటి పండితులు దాన్నే 18.63-64 అంటారు. రెండు రకాల నంబర్లూ తెలిసి ఉంటే వెతుకులాట తప్పుతుంది.

పేరా సారాంశం ఇది. ఒక్కో వాక్యం మధ్య రెండేసి లైన్లు ఖాళీ వదిలి నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఈ కాలంలోనే యేసు అనే జ్ఞాని ఉండేవాడు, అసలు ఆయన్ని మనిషి అనవచ్చా అన్నది వేరే మాట. ఆశ్చర్యకరమైన పనులు చేసేవాడు, సత్యాన్ని సంతోషంగా స్వీకరించేవాళ్లకు బోధకుడు. యూదుల్లోనూ గ్రీకుల్లోనూ చాలామందిని తనవైపు తిప్పుకున్నాడు. ఆయనే క్రీస్తు. మనలోని పెద్దలు నేరం మోపగా పిలాతు ఆయనకు సిలువ శిక్ష వేశాడు. అయినా మొదట ఆయన్ని ప్రేమించినవాళ్లు విడిచిపెట్టలేదు. మూడో రోజున ఆయన మళ్లీ సజీవుడై వాళ్లకు కనిపించాడు, దైవప్రవక్తలు ఈ సంగతులూ ఇంకా వేలకొద్దీ అద్భుతాలూ ముందే చెప్పి ఉన్నారు. ఆయన పేరుతో క్రైస్తవులనే తెగ ఇప్పటికీ అంతరించిపోలేదు.

మన చర్చి ప్రసంగాల్లో, డిబేట్లలో ఈ పేరాను రెండు రకాలుగా వాడతారు. ఒకరు మొత్తం సాక్ష్యమే అంటారు, ఇంకొకరు మొత్తం దొంగ రాత అంటారు. మీరు ఆ తొందరలో పడకండి. ప్రతి వాక్యం దగ్గరా ఆగి అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ మాట ఎవరి నోటి నుంచి రాగలదు?

"ఆయనే క్రీస్తు" దగ్గర మొదలుపెడదాం. యూదుల దేశం నుంచి ఒకడు లోకాన్ని ఏలుతాడనే దైవవాక్కు అప్పట్లో ప్రచారంలో ఉండేది. అది వెస్పాసియన్‌లో నెరవేరిందని జోసీఫస్ తన యుద్ధ చరిత్ర 6వ సంపుటంలో బాహాటంగా రాశాడు. చక్రవర్తుల ఆదరణలో బతుకుతున్న అదే మనిషి యేసే క్రీస్తు అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఆ తర్వాత ఆ ఊసే ఎత్తకుండా ఉంటాడా? ఈ వాక్యానికి ఎర్ర గీత పెట్టండి, అంటే తర్వాత కలిపిందని అనుమానం. మనిషి అనవచ్చా అన్న మాటకీ, మూడో రోజు వాక్యానికీ కూడా. 1991లో జాన్ మేయర్ అనే క్యాథలిక్ పండితుడు సరిగ్గా ఈ మూడు చోట్లే తీసేసి, మిగిలింది జోసీఫస్‌దే అని వాదించాడు. చాలామంది పండితులు కాస్త అటూ ఇటుగా ఈ దారిలోనే ఉన్నారు.

ఇప్పుడు "జ్ఞాని" అన్న మాట చూడండి. యేసును దేవుని కుమారుడని నమ్మే లేఖకుడు ఇంత చిన్న మాటతో ఆగుతాడా? పైగా జోసీఫస్ సొలొమోనునూ దానియేలునూ కూడా జ్ఞానులనే అన్నాడు. "ఆశ్చర్యకరమైన పనులు" అన్న మాటనే ఎలీషా ప్రవక్త గురించి వాడాడు. ఇవి ఆయన శైలికి దగ్గరగా ఉన్నాయని గెజా వెర్మెష్ అనే పండితుడు చూపించాడు. ఇక్కడ పచ్చ గీత, అంటే జోసీఫస్‌దే కావచ్చు.

అయితే శైలి ఒక్కటే నమ్ముకుంటే దెబ్బతింటాం. ఎందుకంటే "క్రైస్తవుల తెగ" లాంటి మాట యూసేబియస్ అనే క్రైస్తవ చరిత్రకారుడి రచనల్లోనూ ఉంది. నాలుగో శతాబ్దం మొదట్లో ఈ పేరాను మొదటిసారి ఉటంకించింది కూడా ఆయనే. కెన్ ఓల్సన్ లాంటి పండితులు ఈ పేరా మొత్తం యూసేబియస్ కూర్పే అంటారు. ఆ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

అందుకే రెండో ప్రశ్న కావాలి: ఈ మాట ఎవరికి, ఎప్పటికి తెలుసు? దీని జవాబు నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు జోసీఫస్‌ను చదివాడు. జోసీఫస్ యేసును క్రీస్తుగా నమ్మలేదని రెండు చోట్ల చెప్పాడు. అంటే ఆయన చేతిలోని ప్రతిలో "ఆయనే క్రీస్తు" అన్న వాక్యం ఉండే అవకాశం లేదు. నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు లాటిన్‌లో ఇదే పేరా ఇస్తూ, క్రీస్తు అని నమ్మేవారు అని రాశాడు. పదో శతాబ్దంలో అగాపియస్ అనే బిషప్ అరబీలో రాసిన చరిత్రలో, బహుశా మెస్సీయ (అంటే క్రీస్తు) కావచ్చు అన్న ధోరణి ఉంది. దీన్ని ష్లోమో పీనెస్ అనే పండితుడు 1971లో వెలుగులోకి తెచ్చాడు. ఇక ఈ భాగానికి ఇప్పుడు దొరుకుతున్న గ్రీకు రాతప్రతుల్లో అన్నిటికంటే పాతది 11వ శతాబ్దంది. జోసీఫస్ కలానికీ దానికీ మధ్య దాదాపు వెయ్యేళ్లు.

నోట్‌బుక్‌లో ఈ పేర్లు తేదీల వరసలో రాసి, ఎదురుగా ఎవరికి ఏ రూపం తెలుసో వేయండి. పేరా ఎప్పుడు మారి ఉండొచ్చో మీకే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: అగాపియస్ ఇచ్చిన రూపం మెత్తగా ఉంది కాబట్టి అదే అసలుది అనుకోవద్దు. ఇబ్బందికరమైన మాటను సర్దడానికి తర్వాతివాళ్లు మెత్తబరిచి ఉండొచ్చు కూడా.

మూడో ప్రశ్న చుట్టూ ఉన్న కథనం గురించి. ఈ పేరాకు ముందు పిలాతు ఆలయ ధనంతో నీటి కాలువ కట్టించడం, అడ్డుపడిన జనాన్ని కర్రలతో కొట్టించడం ఉంది. తర్వాతి పేరా, అదే రోజుల్లో ఇంకో ఘోరం యూదులను కలవరపెట్టింది అంటూ మొదలవుతుంది. మధ్యలోని పేరా తీసేసినా కథ అతుకుతుంది. కానీ జోసీఫస్ తరచూ పక్కదారి పడతాడు కాబట్టి ఇది బలమైన రుజువు కాదు.

ఇప్పుడు యాకోబు. 20వ సంపుటంలో (20.200, విస్టన్‌లో 20.9.1) సా.శ. 62 నాటి సంఘటన ఉంది. రోమా అధికారి ఫేస్తు చనిపోయి, కొత్త అధికారి అల్బీనస్ ఇంకా రాకముందు, ప్రధాన యాజకుడు అనాను సభ పెట్టి, "క్రీస్తు అని పిలవబడే యేసు సహోదరుడు యాకోబు"ను రాళ్లతో కొట్టించాడు. దానికి అగ్రిప్ప రాజు అనానును పదవి నుంచి దించేశాడు. ఇక్కడ కథంతా అనాను గురించే, యాకోబు దారిలో తగిలిన పేరు మాత్రమే. పొగడ్త లేదు, పునరుత్థానం లేదు. ఓరిగెన్‌కు ఈ మాట తెలుసు, కాబట్టి ఇది యూసేబియస్ కల్పన కాదు. ఇది కూడా చేర్పేనని వాదించేవాళ్లు కొద్దిమంది ఉన్నారు. నా అభిప్రాయం మాత్రం, ఇది జోసీఫస్‌దే. ఇది ఆయనదైతే, 18వ సంపుటంలోనూ యేసు గురించి ఏదో ఒక చిన్న ప్రస్తావన ఉండి ఉంటుంది. దాని కచ్చితమైన మాటలు ఇప్పుడు ఎవరూ తిరిగి తేలేరు.

ఇంటిపని: బాప్తిస్మమిచ్చు యోహాను గురించి 18.116-119 (విస్టన్‌లో 18.5.2) చదవండి. బాప్తిస్మం శరీరశుద్ధికే, ఆత్మ అప్పటికే నీతిచేత శుద్ధి అయి ఉండాలి అంటాడు జోసీఫస్. దీన్ని మార్కు 1:4తో పక్కపక్కన పెట్టండి. యోహానును హేరోదు ఎందుకు చంపించాడో రెండు చోట్లా ఏం చెప్పారో రాసుకోండి, ఆ రెండోదానికి మార్కు 6వ అధ్యాయం చూడాలి. తర్వాత పైన చెప్పిన మూడు ప్రశ్నలూ వేసి, క్రైస్తవ లేఖకుడు ఈ పేరా రాయగలడా లేదా మీ కారణాలతో అర పేజీ రాయండి. 6వ పాఠంలో పునరుత్థానం గురించి పరిసయ్యులు, సద్దూకయ్యులు అనే రెండు యూదు వర్గాలవాళ్లు ఏం నమ్మేవారో జోసీఫస్ మాటల్లోనూ అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలోనూ చూస్తాం. ఆ అర పేజీ దగ్గర ఉంచుకోండి, అక్కడ పనికొస్తుంది.