తెరుచుకోని పొగ లూవర్: నా అనుభవం

మా భవనంలో మెట్లదారి పైన అమర్చిన పొగ లూవర్ (మంటలు రేగితే మోటారుతో రెక్కలు తెరుచుకుని పొగను బయటికి వదిలే కిటికీ), ఫైర్ అలారం పరీక్షలో మోటారు చప్పుడు వినిపించినా, పరీక్ష పొగను బయటికి పంపలేదు. మోటారే పాడైందనుకోవడం నా తొందరపాటు. నిచ్చెన ఎక్కి చూస్తే, రెక్కలను తిప్పే కడ్డీ స్క్రూ వదులై అవి రెండు వేళ్ల సందు మేరకే తెరుచుకుంటున్నాయి. వెనుక జాలీ దుమ్ముతో పూడిపోయింది. జాలీ కడిగాను. కరెంటు ఆపగానే స్ప్రింగు మోటారును తెరిచే స్థితికి తిప్పుతుంది గనుక (వేళ్లు జాగ్రత్త), ఆ స్థితిలోనే రెక్కలను చేత్తో పూర్తిగా తెరిచి కడ్డీని బిగించాను. అయినా పొగ బద్ధకంగానే కదిలింది. పైనుంచి పొగ పోవాలంటే కింద నుంచి గాలి రావాలి, కింది ద్వారమేమో మూసి ఉంది. అలారం మోగగానే అదీ తెరుచుకునేలా ఎలక్ట్రీషియన్‌తో అలారానికి కలిపించాక, మళ్లీ పరీక్షిస్తే పొగ నిలవకుండా పైకి సాగిపోయింది.