లైనక్స్ రెయిడ్ బిగుసుకుపోతే ఎలా విడిపించాలి?

డెబియన్ అనే లైనక్స్ రకం వాడే సర్వర్లు నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక రెయిడ్ డిస్కులను (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) వాటంతటవే సరిచూసుకుంటాయి. అమలాపురంలో ఒక ఫొటో స్టూడియోలో ఆ చెకింగ్ తెల్లారినా అవలేదు. ఫొటోలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయని దాన్ని మధ్యలో ఆపమన్నారు. అంతే, ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఫోన్‌లో వాళ్ల టెన్షన్ అంతా పెళ్లి ఫొటోల గురించే.

ముందుగా, పవర్ స్విచ్ జోలికి వెళ్లకండి. ఇంకా డిస్కుకు చేరని డేటా మెమరీలో ఉంటుంది. ఆగిన ప్రాసెస్‌లు 'డి' స్థితిలో, అంటే డిస్కు పని కోసం ఎదురుచూస్తూ దేనికీ పలకని స్థితిలో, ఉంటాయి కాబట్టి కిల్ కమాండ్ కూడా పనిచేయదు.

ప్రాక్ ఫోల్డర్‌లోని ఎండీస్టాట్ ఫైలు చూడండి, రెయిడ్ పరిస్థితి అందులో ఉంటుంది. చెకింగ్ శాతం పది నిమిషాలైనా కదలకపోతే, కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) లాగ్‌లో '120 సెకన్లకు పైగా ఆగింది' అన్న హెచ్చరిక ఉంటే, డెడ్‌లాక్, అంటే ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ అందరూ ఆగిపోవడం, అని అనుమానించాలి. డిస్కే పాడైనట్టు కనిపిస్తే మాత్రం ఇక్కడితో ఆగండి, దానికి వైద్యం వేరు. తర్వాత కెర్నెల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైలుకు 'డబ్ల్యూ' అక్షరం పంపితే, ఎవరు ఎక్కడ ఆగారో లాగ్‌లోకి వస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

మన కాలువల మీది లాకు తెలిసినవాళ్లకు ఈ చిక్కు ఇట్టే అర్థమవుతుంది. తాళంచెవి ఉన్న మనిషి పడవ బయటికొస్తే గానీ చెవి ఇవ్వనంటాడు. తలుపు తీస్తే గానీ పడవ రాలేదు. తలుపు తీసేవాడికి ఆ చెవే కావాలి. ఇక్కడ చెవి అంటే రీకాన్ఫిగ్ మ్యూటెక్స్, రెయిడ్ అమరికను ఒకసారికి ఒక్కరే మార్చేలా చూసే తాళం. దాన్ని పట్టుకున్నది మనమిచ్చిన 'ఆపు' ఆదేశం, పడవ చెకింగ్ థ్రెడ్ (కెర్నెల్‌లో చెకింగ్ పని చేసేది), తలుపు దగ్గర నిలబడ్డది సూపర్‌బ్లాక్ (డిస్కు మీద రెయిడ్ వివరాలుండే చోటు) రాయాల్సిన ఎండీ థ్రెడ్, అంటే రెయిడ్‌ను నడిపే థ్రెడ్.

లాగ్‌లో ఈ చిక్కే కనిపిస్తే, రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) లాగిన్ అయి, సిస్ ఫోల్డర్‌లో ఆ రెయిడ్‌కు చెందిన అరే స్టేట్ ఫైలులో 'యాక్టివ్' అని రాయండి. ఈ దారికి మ్యూటెక్స్ అక్కర్లేదు. సూపర్‌బ్లాక్ కోసం ఆగమన్న గుర్తును అది చెరిపేసి, ఎండీ థ్రెడ్‌ను లేపుతుంది. స్టూడియోలో ఫైళ్లు వెంటనే తెరుచుకున్నాయి. కదలిక రాగానే బ్యాకప్ తీసుకుని, కొత్త కెర్నెల్ వేయండి.

డ్రైవర్ కోడ్ దిద్దేవాళ్లు మాత్రం వరస మార్చాలి: ఆపమని గుర్తు పెట్టి, మ్యూటెక్స్ వదిలేసి, ఆ తర్వాతే థ్రెడ్ ముగిసేదాకా ఎదురుచూడాలి. లాక్‌ల చిక్కులను పట్టే కెర్నెల్ పరికరం లాక్‌డెప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఎందుకంటే ఇక్కడ ఒకరు ఎదురుచూస్తున్నది లాక్ కోసం కాదు, థ్రెడ్ ముగియడం కోసం. విడి కంప్యూటర్‌లో చిన్న రెయిడ్ కట్టి, దానిలోకి రాస్తూనే చెకింగ్‌ను రాత్రంతా మొదలుపెడుతూ ఆపుతూ పరీక్షించండి.