నల్లా నీటిలోని క్లోరిన్ ఉపఉత్పత్తులను ఇంట్లో తగ్గించుకోవడం ఎలా?

నల్లా విప్పగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన క్లోరిన్‌ది. దాన్ని చూసి భయపడకండి. కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు అంత దూరం గొట్టాల్లో ప్రయాణించి హైదరాబాద్ ఇళ్లకు చేరేదాకా కలరా, టైఫాయిడ్ క్రిములను అణచి ఉంచేది అదే. చిక్కల్లా, నీటిలోని కుళ్లిన ఆకులు, నాచు వంటి సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడే. అప్పుడు ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు అనే ఉపఉత్పత్తులు పుడతాయి. నెదర్లాండ్స్‌లో యోహాన్నెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త 1974లో ట్రైహాలోమీథేన్ల సంగతి బయటపెట్టారు. ఇవి ఎక్కువగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి వాడినవారిలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిందని పలు అధ్యయనాలు చెప్పాయి. ఇది ఏళ్ల మీద పేరుకునే ముప్పు. క్రిములున్న నీటితో జబ్బు పడటానికి మాత్రం ఒక్క గ్లాసు చాలు. కాబట్టి క్లోరిన్‌ను వద్దనకుండా, దాని వెంట వచ్చేవాటిని తగ్గించుకోవాలి.

మొదట సంపు చూడండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, అందరూ వాయిదా వేసేదీ ఇదే. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే ఇళ్లలో నిల్వ తప్పదు. అడుగున బురద, ఎండాకాలపు వేడి, నిల్వ ఉన్న గంటలు, మూడూ కలిస్తే ఈ రసాయనాలు పెరుగుతాయి. ఆరు నెలలకోసారి నీళ్లు తోడించి, బురద ఎత్తించి, గోడలు రుద్దించండి. బ్లీచింగ్ పౌడర్ ఆ తర్వాతే. బురద మీద చల్లితే ఈ రసాయనాలను మన చేతులతో మనమే తయారు చేసుకున్నట్టు. మూత తీసి బాగా గాలి ఆడనివ్వకుండా, పైన మరొకరు కాపలా లేకుండా ఎవరినీ లోపలికి దింపకండి. సంపుల్లో ఊపిరాడక మనుషులు చనిపోయారు.

రెండోది, తాగే నీళ్లను ట్యాంకు నుంచి కాకుండా నేరుగా వచ్చే నల్లా నుంచే పట్టుకోండి.

తర్వాత కాచడం. ట్రైహాలోమీథేన్లలో ఒకటైన క్లోరోఫాం 61 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మూత తీసి, కిటికీ తెరిచి, నీళ్లు తెర్లుతుండగా ఐదు నిమిషాలు ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. హాలోఎసిటిక్ ఆమ్లాలు అన్నీ అలా పోవు. కాచిన నీటిలో క్లోరిన్ రక్షణ కూడా మిగలదు కాబట్టి మూతపెట్టి, మర్నాటిలోపు వాడేయండి.

ఫిల్టరు కొనేవారు యాక్టివేటెడ్ కార్బన్ (రసాయనాలను పట్టి ఉంచే ప్రత్యేకమైన బొగ్గు) ఉన్నదే ఎంచుకోండి. ఆర్‌ఓ పొర ఒక్కటే క్లోరోఫాంను పూర్తిగా ఆపలేదు. కార్బన్‌ను గడువుకు మార్చకపోతే అందులోనే క్రిములు పెరుగుతాయి.

వేడినీళ్ల స్నానంలో ఆవిరితోపాటు ట్రైహాలోమీథేన్లు ఊపిరిలోకీ వెళ్తాయి. స్నానాల గదిలో ఫ్యాన్ వేసుకోండి.

అనుమానం తీరకపోతే అపార్ట్‌మెంట్‌వాళ్లంతా కలిసి గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించండి. మామూలు పరీక్షలో ఇవి ఉండవు, ట్రైహాలోమీథేన్లని పేరు పెట్టి అడగాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం క్లోరోఫాం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. నమూనా సీసా ల్యాబువాళ్లే ఇస్తారు. గాలి బుడగ మిగలకుండా అంచుదాకా నింపి, వెంటనే బిగించండి.