పాత ఎంఎక్స్-5కు తర్వాతి తరం వెనుక బ్రేకులు ఎలా అమర్చాలి?

మాజ్డా ఎంఎక్స్-5 తొలి తరం కారు ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: తర్వాత వచ్చిన కార్ల పెద్ద బ్రేకులు దీనికి పట్టవా అని. పడతాయి. 1989లో వచ్చిన 1.6 లీటర్ల కారు మొదలు 2005 దాకా సాగిన రెండో తరం వరకు, వెనుక చక్రం దగ్గర బ్రాకెట్ బిగించే చోటు మారలేదు. మారిందల్లా చక్రంతో పాటు తిరిగే డిస్కు సైజు, దానికి తగ్గట్టు కాలిపర్‌ను (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాన్ని) కాస్త బయటికి జరిపి పట్టి ఉంచే బ్రాకెట్.

సామాను కొనే ముందు కొలతలు చూసుకోండి. 1.6 కారుకు ముందు డిస్కు 235 మిల్లీమీటర్లు, వెనుక డిస్కు 231. 1994 మోడల్ నుంచి వచ్చిన 1.8 కారుకు ముందు 255, వెనుక 251. అంటే రెండు వైపులా డిస్కు అంచు సరిగ్గా 10 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. ప్యాడ్లు కూడా అంతే జరుగుతాయి కాబట్టి, అదే ఒత్తిడికి బ్రేకు పట్టు రెండు వైపులా దాదాపు ఒకే పాళ్లలో, సుమారు పదో వంతు పెరుగుతుంది. రెండూ కలిపి మారిస్తే ముందు వెనుకల తూకం చెడదు.

అందుకే నా మాట ఒక్కటే: వెనుక బ్రేకులు మాత్రమే మార్చకండి. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలి వెనుక చక్రాలు తేలికవుతాయి. ఆ సమయంలో వెనుక పట్టు ఎక్కువైతే, ముందు చక్రాల కంటే వెనుకవే మొదట బిగుసుకుంటాయి, అంటే తిరగడం ఆగి జారతాయి. ముందు చక్రాలు బిగుసుకుంటే కారు తిన్నగా జారుతుంది. వెనుకవి బిగుసుకుంటే కారు గిర్రున తిరుగుతుంది, తడి రోడ్డు మలుపులో అయితే సరిదిద్దుకునే వ్యవధి కూడా ఉండదు. ముందు సెట్టు కూడా చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి.

2001 మోడల్ నుంచి కొన్ని కార్లకు స్పోర్ట్ బ్రేకులు ఇచ్చారు. వాటికి ముందు 270, వెనుక 276. 1.8తో పోలిస్తే ముందు అంచు 7.5 మిల్లీమీటర్లు జరిగితే వెనుక 12.5 జరిగింది, అంటే వెనుకకే ఎక్కువ మొగ్గు. కాబట్టి స్పోర్ట్ వెనుక డిస్కులు వేయాలనుకుంటే ముందు వైపు కాలిపర్లతో సహా మొత్తం సెట్టు తీసుకోండి. పాత 14 అంగుళాల చక్రాలు వాటి మీద పట్టవు. 15 అంగుళాలవైనా తొడిగి చూశాకే కొనండి. రోడ్డు మీద నడిపే 1.6 కారుకు 1.8 సెట్టు చాలునని నా అభిప్రాయం.

వెనుక వైపుకు కావలసినవి: ఎడమ, కుడి బ్రాకెట్లు, రెండు డిస్కులు, కొత్త ప్యాడ్లు, బ్రేకు క్లీనర్, కాలిపర్ పిన్నులకు రాసే సిలికాన్ గ్రీజు, 14 మిల్లీమీటర్ల పానా, 4 మిల్లీమీటర్ల అలెన్ కీ, చెప్పిన కొలత మేరకే బోల్టు బిగించే టార్క్ రెంచి. మీ కాలిపర్లు కారకుండా, వాటి రబ్బరు తొడుగులు చిరగకుండా ఉంటే వాటినే వాడుకోవచ్చు. అప్పుడు బ్రేకు ఆయిలు గొట్టం విప్పే పనే ఉండదు.

మొదట కారును కదలకుండా నిలపాలి. ఈ కారులో హ్యాండ్‌బ్రేకు, గేరు రెండూ వెనుక చక్రాలనే పట్టి ఉంచుతాయి. వాటిని పైకి లేపాక ముందు చక్రాలను ఆపేది ఏదీ ఉండదు. కాబట్టి ముందు చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టి, వెనుక చక్రాల నట్లు కొద్దిగా వదులు చేసి, జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీని నమ్మి కారు కింద చెయ్యి పెట్టవద్దు. తర్వాత హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించి, లోపల లివర్ దగ్గరి కేబులు సర్దుబాటు కూడా వదులు చేయండి.

ఇప్పుడు కాలిపర్. చాలా కార్లలో పిస్టన్‌ను (ప్యాడును నెట్టే కాలిపర్ లోపలి భాగాన్ని) క్లాంపుతో నొక్కి వెనక్కి పంపుతారు. ఇక్కడ అలా చేయకూడదు. వెనుక పిస్టన్ లోపల హ్యాండ్‌బ్రేకు మర ఉంటుంది, బలవంతం చేస్తే అది పాడవుతుంది. కాలిపర్ వెనుక వైపు 14 మిల్లీమీటర్ల తల ఉన్న మూత బోల్టు ఒకటి కనిపిస్తుంది. దాన్ని తీస్తే లోపల చిన్న గుంటలో అలెన్ కీ పట్టే మర ఉంటుంది. దాన్ని అపసవ్యంగా తిప్పితే పిస్టన్ నెమ్మదిగా లోపలికి పోతుంది. తర్వాత హ్యాండ్‌బ్రేకు కేబులును, కాలిపర్‌ను విడదీసి, కాలిపర్‌ను తీగతో స్ప్రింగుకు కట్టండి. గొట్టం మీద దాని బరువు పడకూడదు.

పాత బ్రాకెట్ రెండు బోల్టులు విప్పితే వచ్చేస్తుంది. పాత డిస్కు మాత్రం తుప్పుతో హబ్బుకు, అంటే చక్రం బిగించే మధ్య భాగానికి, అంటుకుపోయి ఉంటుంది. సుత్తితో బాదనక్కర్లేదు. డిస్కు మధ్య భాగంలో మరలున్న రంధ్రాలు రెండున్నాయి, వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే డిస్కు తనంతట తనే ఊడి వస్తుంది.

హబ్బు ముఖాన్ని తీగ బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్దండి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను తొందరపడి దీన్ని వదిలేశాను. అక్కడ మిగిలిన తుప్పు పొర వల్ల డిస్కు ఒక పక్కకు ఒరిగి తిరిగింది, బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ వణికింది. మళ్లీ అంతా విప్పాల్సి వచ్చింది.

కొత్త డిస్కు మీది నూనె పూతను క్లీనర్‌తో తుడిచి తొడగండి. వెనుకనున్న దుమ్ము రేకు తగిలితే, చేత్తో డిస్కు తిప్పినప్పుడు గీరుకునే శబ్దం వినిపిస్తుంది. తగిలిన చోట వెనక్కి వంచండి, చాలకపోతే కత్తిరించండి. బ్రాకెట్ బోల్టులను 49 నుంచి 69 న్యూటన్ మీటర్ల మధ్య బిగించి, పిన్నులకు గ్రీజు రాసి, ప్యాడ్లు, కాలిపర్, కేబులు తిరిగి అమర్చండి.

ఈ పనిలో అసలైన నేర్పు సర్దుబాటులో ఉంది. అలెన్ మరను సవ్యంగా, ప్యాడ్లు డిస్కును పట్టుకొని అది తిరగడం ఆగేదాకా తిప్పండి. అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. డిస్కు చేతికి తేలిగ్గా తిరగాలి, ప్యాడు తగిలీ తగలనట్టు సన్నటి సవ్వడి వినిపించాలి. మూత బోల్టు పెట్టి, బ్రేకు పెడల్ పలుసార్లు తొక్కి, మళ్లీ తిప్పి చూడండి. రెండు వైపులా కుదిరాకే లోపల కేబులు సరిచేయాలి. కేబులు ముందు బిగిస్తే కాలిపర్ సర్దుబాటు ఎప్పటికీ కుదరదు.

గొట్టం విప్పి ఉంటే కొత్త రాగి వాషర్లు వేసి, బ్రేకు ఆయిలులో చేరిన గాలి పూర్తిగా తీసేయాలి. బ్రేకు ఆయిలు పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ముందు సెట్టు కూడా అమర్చాక, చక్రాల నట్లు 88 నుంచి 118 న్యూటన్ మీటర్లకు బిగించి, కారు కదిపే ముందే పెడల్ గట్టిగా ఉందో లేదో చూసుకోండి. ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించండి. మధ్యలో చల్లబడనివ్వండి. ఆ తర్వాత పొడి నేల మీద, ఎవరూ లేని చోట, తక్కువ వేగం నుంచి గట్టిగా బ్రేకు వేసి చూడండి. ముందు చక్రాల కంటే వెనుకవి ముందుగా బిగుసుకుంటే ఆ కారును రోడ్డెక్కించకండి, ముందు ప్యాడ్ల రకం, వెనుక సర్దుబాటు రెండూ మళ్లీ పరీక్షించండి. అంతా బాగుంటే వంద కిలోమీటర్ల తర్వాత నట్లు మరోసారి బిగించి, వెనుక డిస్కులు రెండూ ఒకేలా వేడెక్కుతున్నాయో లేదో దగ్గరగా చెయ్యి పెట్టి, తాకకుండా గమనించండి.